చూపుకు ఒకటే అక్షరం, కంప్యూటర్‌కు వేరే అంకె

"ఏమప్పా, నిన్న నువ్వు పంపిన పెళ్లికార్డు మ్యాటరు మా అల్లుని ఫోన్లో తెరిస్తే అంతా ఇంగిలీషు గీతలే వస్తాండాయి?"

"నా సిస్టంలో బాగానే ఉండాదే అన్నా!"

యాడికి ఊళ్లో డీటీపీ షాపు నడిపేవాళ్లకు ఈ మాటలు కొత్త కాదు. గమ్మత్తేమిటంటే, ఇద్దరూ నిజమే చెబుతున్నారు. షాపులో అక్షరం అక్షరంలాగే ఉంది. ఫోన్లో మాత్రం లేదు. మరి తప్పు ఎక్కడ జరిగింది?

మీరు గ్రామ సచివాలయంలో డిజిటల్ అసిస్టెంటు కావచ్చు. పొదుపు సంఘం లెక్కలు చూసే అక్క కావచ్చు. బడిలో పిల్లల పేర్లు ఎక్సెల్‌లోకి ఎక్కించే టీచరు కావచ్చు. చీనీ తోటల రైతులకు రోజూ ధరలు పంపే కుర్రాడు కావచ్చు. జాబితాలో కళ్లెదుటే ఉన్న పేరు వెతికితే దొరకదు. పంపిన మెసేజి సగంలో తెగుతుంది. నిన్న బాగున్న ఫైలు ఇవాళ ప్రశ్నార్థకాలతో నిండిపోతుంది. అప్పుడు మనలో చాలామంది అనుకునేది ఒక్కటే: "తెలుగుతో ఇంతే. ఇంగ్లీషులో కొట్టుకుంటే పోలా?"

అలా అనుకోవద్దు. ఈ చిక్కుల్లో చాలావాటికి కారణాలు తెలిసినవే, మందులూ ఉన్నవే. వాటికి ఇంజినీరింగు చదువు అక్కర్లేదు. ఈ అధ్యాయంలో ఎనిమిది అలవాట్లు చెబుతాను. ఒక్కొక్కటిగా చేసుకుంటూ రండి.

మొదట ఒక్క సంగతి

కంప్యూటరు అక్షరాన్ని దాచదు, అంకెను దాచుకుంటుంది. గట్టుకు అటూ ఇటూ నేల చూపుకు ఒకటే కావచ్చు, రికార్డులో మాత్రం సర్వే నంబర్లు వేరు. అక్షరాలూ అంతే. తెరమీద ఒకేలా కనిపించినా, లోపలి నంబరు వేరైతే కంప్యూటరుకు అవి వేర్వేరు అక్షరాలే.

ప్రపంచంలోని లిపులకు ఇలా నంబర్లు కేటాయించిన ఒప్పందం పేరు యూనికోడ్. దాని మొదటి సంచిక 1991లో వచ్చింది. అందులో తెలుగుకు 3072 నుంచి 3199 దాకా 128 స్థానాలున్నాయి. 'క' నంబరు 3093. 'య' నంబరు 3119. గుణింతపు గుర్తులకు వేరే నంబర్లు.

"యాడికి" అని రాస్తే మనకు కనిపించేవి మూడు అక్షరాలు. కంప్యూటరు దాచుకునేవి ఆరు నంబర్లు: య, దీర్ఘం, డ, గుడి, క, గుడి. అంటే 3119, 3134, 3105, 3135, 3093, 3135. ఈ ఆరూ ఇదే వరసలో ఉన్నంతకాలం ఆ మాట అమెరికాలో తెరిచినా యాడికే, ఇరవై ఏళ్ల తర్వాత తెరిచినా యాడికే. ఇక పనిలోకి దిగుదాం.

1. ముందు జబ్బేమిటో గుర్తుపట్టండి

తెలుగు పాడైందని కంగారుపడి మొత్తం మళ్లీ కొట్టడం మొదలుపెట్టకండి. ఎలా పాడైందో ఒక్క నిమిషం చూడండి. నాలుగు లక్షణాలుంటాయి.

ఖాళీ డబ్బాలు కనిపిస్తే నంబర్లు భద్రంగా ఉన్నాయి, వాటికి రూపం ఇచ్చే తెలుగు ఫాంటు మాత్రమే ఆ యంత్రంలో లేదు. ఫాంటు వేస్తే చాలు, ఒక్క అక్షరం మళ్లీ కొట్టక్కర్లేదు.

నెత్తిన చిన్న గీత ఉన్న ఇంగ్లీషు 'ఎ', దాని పక్కన డిగ్రీ గుర్తు, మళ్లీ 'ఎ', మళ్లీ డిగ్రీ... ఇలా పేజీ నిండా వస్తే భయపడకండి. యూటీఎఫ్-8 అనే పద్ధతిలో ప్రతి తెలుగు నంబరునూ మూడు ముక్కలు చేసి దాస్తారు. 'య' అయితే 224, 176, 175. చదివే సాఫ్ట్‌వేరు ఆ మూడూ కలిపి ఒక అక్షరమని తెలియక ఒక్కొక్క ముక్కనూ ఒక్కో ఇంగ్లీషు గుర్తుగా చూపిస్తోంది. ఫైలు తెరిచేటప్పుడు యూటీఎఫ్-8 ఎంచుకుంటే తెలుగు తిరిగొస్తుంది.

ఇంగ్లీషు పెద్దక్షరాలు, చిన్నక్షరాలు, గుర్తులు కలగాపులగంగా ఉంటే అది పాతకాలపు ఫాంటుతో కొట్టిన మ్యాటరు. దానికి కన్వర్టరు కావాలి. రెండో అలవాటులో చూద్దాం.

అన్నీ ప్రశ్నార్థకాలే ఉంటే మాత్రం నంబర్లు పోయాయి. ఆ ఫైల్లోంచి తెలుగును వెనక్కి తేలేం. అసలు ఫైలు కోసం వెతకండి. ఈ అవస్థ రాకుండా ఏం చేయాలో ఎనిమిదో అలవాటు చెబుతుంది.

2. అచ్చుకు ఏదైనా వాడండి, దాచుకోవడానికి యూనికోడ్ వాడండి

పెళ్లికార్డు కథకు తిరిగి వెళ్దాం. డీటీపీ షాపుల్లో పేజ్‌మేకర్‌తో పాటు అను ఫాంట్లు ఏళ్ల తరబడి రాజ్యమేలాయి. అప్పటి సాఫ్ట్‌వేర్లలో ఒక ఫాంటుకు 256 స్థానాలే ఉండేవి. ఆ స్థానాలు ఇంగ్లీషు అక్షరాలవి. వాటిమీద తెలుగు ముక్కల బొమ్మలు కూర్చి మన పత్రికలు, పుస్తకాలు, కరపత్రాలు అచ్చేశారు. అందమైన అక్షరాలవి, వాటికి మనం రుణపడి ఉన్నాం. కానీ ఫైల్లో దాగినవి ఇంగ్లీషు నంబర్లే. ఆ ఫాంటు లేని ఫోన్లో అవి ఇంగ్లీషుగానే బయటపడతాయి. అల్లుని ఫోన్లో జరిగింది అదే.

ఏం చేయాలి?

మ్యాటరు ముందుగా యూనికోడ్‌లో కొట్టండి. దాన్ని ఒక ఫైలుగా దాచండి. అచ్చు కోసం పాత ఫాంటు కావాలంటే కన్వర్టరుతో మార్చి రెండో ఫైలు చేసుకోండి. వాట్సాప్‌కు మొదటిది, ప్రెస్సుకు రెండోది.

పాత ఫైళ్లుంటే ఒక్కొక్కటిగా యూనికోడ్‌లోకి మార్చుకోండి. పాత ఫాంట్ల తెలుగును యూనికోడ్‌గా మార్చడానికి నాగార్జున వెన్న 'పద్మ' చేసిపెట్టారు. తర్వాత మరికొన్ని కన్వర్టర్లు వచ్చాయి. మార్చాక వత్తులు, అరసున్నలు ఒకసారి కళ్లతో సరిచూసుకోవడం మరవకండి.

"యూనికోడ్‌లో మంచి ఫాంట్లు లేవు కదా?" అంటారేమో. ఆ రోజులు పోయాయి. విండోస్ ఎక్స్‌పీతో 2001లో గౌతమి వచ్చింది. తిరుమల కృష్ణదేశికాచార్యులు పోతన, వేమన ఫాంట్లు చేసి ఉచితంగా ఇచ్చారు. ఇప్పుడు మండలి, రామభద్ర, సూరన్న, ధూర్జటి, గురజాడ, ఎన్టీఆర్ వంటివి గూగుల్ ఫాంట్స్‌లోనే దొరుకుతాయి. కొట్టడానికి ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు నేర్చుకోవచ్చు. ఇంగ్లీషు అక్షరాలతో కొట్టే అలవాటుంటే వీవెన్ చేసిన 'లేఖిని' ఉంది. ఏ దారిన వెళ్లినా ఫర్వాలేదు, చివరికి ఫైల్లో పడేది తెలుగు నంబరైతే చాలు.

3. సున్న దగ్గర ఆగి చూడండి

జాబితాలో "గంగన్న" ఉన్నాడు. కంట్రోల్ ఎఫ్ నొక్కి వెతికితే లేడంటోంది. ఎందుకు?

ఎవరో సున్న బదులు తెలుగు అంకె '౦' కొట్టి ఉండవచ్చు. అనుస్వారం నంబరు 3074. తెలుగు అంకె సున్న నంబరు 3174. చూపుకు రెండూ గుండ్రమే. మధ్యలో నూరు నంబర్ల దూరం! ఇంగ్లీషు చిన్న 'ఓ' కొట్టేవాళ్లూ ఉన్నారు. విసర్గ స్థానంలో ఇంగ్లీషు కోలన్ పెట్టడమూ ఇలాంటిదే.

ఒకరి పేరు ఒక జాబితాలో ఒకలా, మరో జాబితాలో మరోలా ఉంటే కంప్యూటరు వాళ్లను ఇద్దరు మనుషులుగా లెక్కగడుతుంది. ఇన్సూరెన్సు జాబితాలోనో, విత్తన శెనక్కాయల జాబితాలోనో పేరు జత కుదరకపోతే తిరగాల్సింది ఎవరు? ఎండలో ఆ రైతే కదా! అందుకే ఈ చిన్న సున్నను చిన్నగా చూడొద్దు.

మందు: పేర్ల వరసను ఎంచుకుని, కంట్రోల్ హెచ్ నొక్కి, తెలుగు అంకె సున్న ఉన్నచోటల్లా అనుస్వారం పెట్టించండి. పేర్ల వరసలో మాత్రమే చేయండి. తెలుగు అంకెలున్న వరసల జోలికి పోవద్దు.

4. 'మొ'ను ముక్కలుగా కట్టకండి

మనం చేసే పొరపాట్లలో బాగా పాకినది ఇదే. "మొదటి" అని కొట్టాలి. కొందరు 'మ'కు ఎత్వం ఇచ్చి, దానికి కొమ్ము తగిలిస్తారు: "మెుదటి". "మోహన్" బదులు ఎత్వం, దీర్ఘపు కొమ్ము కలిపి "మెూహన్". చేత్తో రాసేటప్పుడు 'మొ' ఆకారం అలాగే ఉంటుంది కాబట్టి వేళ్లు ఆ దారి పడతాయి. కొన్ని ఫాంట్లలో తేడా కనపడనే కనపడదు.

లోపల మాత్రం తేడా ఉంది. ఒత్వం ఒకే గుర్తు, ఒకే నంబరు. ఎత్వం, కొమ్ము రెండు గుర్తులు. ఆ రెండూ కలిస్తే ఒత్వం అవుతుందని యూనికోడ్ ఎక్కడా చెప్పలేదు. కాబట్టి "మోహన్" అని వెతికితే "మెూహన్" దొరకడు. 'యొ', 'యో', 'ఘో' దగ్గరా ఇదే జాగ్రత్త.

మందు సులువు. తెలుగులో ఒకే హల్లుకు ఎత్వమూ కొమ్మూ కలిసి వచ్చే మాట లేదు. కాబట్టి కంట్రోల్ హెచ్‌తో ఎత్వం, కొమ్ము జంటను ఒత్వంగా, ఎత్వం, కొమ్ముదీర్ఘం జంటను ఓత్వంగా ధైర్యంగా మార్చేయండి.

5. ఐత్వానికి రెండు దారులున్నాయని గుర్తుంచుకోండి

'రై' చూడండి. పైన ఎత్వం, కింద ఒక వంపు. దీన్ని యూనికోడ్ రెండు రకాలుగా ఒప్పుకుంటుంది. ఐత్వానికి సొంత నంబరుంది, 3144. లేదా ఎత్వం 3142, కింది వంపు 3158 వరసగా ఉన్నా సరే. ఒత్వం విషయంలో లేని ఒప్పుదల ఇక్కడ ఉంది. ఈ రెండూ సమానమని యూనికోడ్ రాసిపెట్టింది.

ఈ రెండు దారుల సంగతి మన ఒక్కరిదే అనుకోకండి. రష్యన్ లిపిలో 'ఇ' అక్షరం నెత్తిన చిన్న గిన్నెలాంటి గుర్తు పెట్టి మరో అక్షరం చేస్తారు. దానికి 1081 అనే సొంత నంబరుంది. 'ఇ' 1080, గిన్నె గుర్తు 774 కలిపినా అదే అక్షరం. బల్గేరియన్ వాళ్లకు ఏటవాలు గీత పెట్టిన 'ఇ' ఒకటుంది. పాత విండోస్‌లో ఈ సిరిలిక్ లిపి కోసం వాడిన 256 స్థానాల పట్టికలో దానికి చోటే లేదు. దాంతో దగ్గరగా ఉన్న ఇంకో అక్షరంతో సర్దుకునేవారు.

మనకూ అలాంటి కథే ఉంది. దంత్య చకార, జకారాలు ౘ, ౙ, అంటే పైన చిన్న రెండంకె లాంటి గుర్తున్నవి, సి.పి. బ్రౌన్ నిఘంటువులో కనిపిస్తాయి. చాప, జొన్న అనేటప్పుడు మన నోట పలికేవి ఆ శబ్దాలే. యూనికోడ్‌లో వాటికి చోటు దొరికింది 2008లో, 5.1 సంచికతో. ఇప్పుడు వాటి నంబర్లు 3160, 3161. నిఘంటువు పనో, పాత పుస్తకం పనో చేసేవాళ్లు ఇక సర్దుకోనక్కర్లేదు.

ఐత్వపు రెండు దారులతో మీకు పని ఎప్పుడు పడుతుంది? పాత మ్యాక్ కంప్యూటర్లు ఫైలు పేర్లలోని ఇలాంటి అక్షరాలను విడగొట్టి దాచేవి. "రైతు జాబితా" అనే ఫైలు అక్కడినుంచి వస్తే, పేరు కళ్లెదుటే ఉన్నా కొన్ని సాఫ్ట్‌వేర్లు దాన్ని పట్టుకోలేవు. అలా జరిగితే ఫైలు పేరు చెరిపి మీ కీబోర్డుతో మళ్లీ కొట్టండి, అంతే.

6. కనపడని గుర్తును అవసరమైన చోటే వాడండి

"సాఫ్ట్‌వేర్" అని రాసేటప్పుడు 'ట్' కింద 'వ' వత్తు పడకుండా ఆపడానికి మధ్యలో ఒక గుర్తు పెడతాం. పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్, నంబరు 8204. అది కనపడదు, చోటు తీసుకోదు, కానీ లెక్కలో ఉంటుంది. వ్యాసాల్లో, పోస్టర్లలో చక్కగా వాడండి. పేర్ల జాబితాల్లో మాత్రం ఒకే నియమం పెట్టుకోండి. "శ్రీనివాస్ రెడ్డి" అని మధ్యలో ఖాళీ వదలాలనుకుంటే అందరికీ అలాగే వదలండి. ఒకరికి ఖాళీ, ఇంకొకరికి కనపడని గుర్తు పెడితే వెతుకులాట తప్పదు.

ఈ చిన్న గుర్తు 2018 ఫిబ్రవరిలో ప్రపంచ వార్తల్లోకి ఎక్కింది. జ, పొల్లు, ఞ, ఈ కనపడని గుర్తు, దీర్ఘం వరసగా వచ్చిన 'జ్ఞా' మెసేజిలో పడగానే ఐఫోన్లలో ఆప్‌లు ఆగిపోయేవి. తెలుగు అక్షరం ఫోన్లను చెడగొట్టిందని అంతటా రాశారు. అక్షరంలో దోషమేమీ లేదు. నంబర్లను ఆకారంగా గీసే సాఫ్ట్‌వేరులోనిది ఆ తప్పు. ఆపిల్ సంస్థ అదే నెల 19న 11.2.6 అప్‌డేట్‌తో దాన్ని సరిదిద్దింది.

ఇందులో మనకు పనికొచ్చే పాఠం ఉంది. దాచడం వేరు, గీయడం వేరు. తెరమీద ఆకారం చెదిరితే వెంటనే మ్యాటరు మార్చకండి. అదే మ్యాటరును ఇంకో ఫోన్లో తెరిచి చూడండి. అక్కడ బాగుంటే మీ అక్షరాలు బాగున్నట్టే. అప్‌డేట్ చేయాల్సింది ఫోను.

7. జాగా లెక్క వేసుకుని పంపండి

ఇంగ్లీషు ఎస్సెమ్మెస్‌లో 160 అక్షరాలు పడతాయి. అందులో ఒక్క తెలుగు అక్షరం చేరినా హద్దు 70కి పడిపోతుంది. 70 దాటితే మెసేజి 67 చొప్పున ముక్కలవుతుంది, ప్రతి ముక్కకూ చార్జీ పడవచ్చు.

ఈ 70 అనేది కంటికి కనిపించే అక్షరాల లెక్క కాదు, నంబర్ల లెక్క. "లక్ష్మి" మనకు రెండక్షరాలే. కంప్యూటరుకు ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి కలిపి ఏడు. యూటీఎఫ్-8లో దాచితే ఒక్కోదానికి మూడు ముక్కల (బైట్ల) చొప్పున 21 బైట్లు. ఎవరైనా పేరుకు 20 బైట్లే కేటాయించి ఫారం తయారుచేస్తే, ఆ లక్ష్మి పేరు చివర గుడి తెగిపోతుంది. మీరు ఫారం తయారుచేసేవాళ్లయితే తెలుగు పేర్లకు ధారాళంగా చోటివ్వండి. మెసేజి పంపేవాళ్లయితే ముందుగా ఎక్సెల్‌లో 'లెన్' ఫార్ములాతో పొడవు చూసుకోండి. చీనీ ధర, తేదీ, ఊరు మెసేజి మొదట్లోనే పెట్టండి, నమస్కారాలు చివర్న చెప్పుకోవచ్చు.

8. సేవ్ నొక్కే ముందు ఒక్క క్షణం ఆగండి

ఎక్సెల్ ఫైలును సీఎస్‌వీగా దాచేటప్పుడు ఒకటికి మించి రకాలు కనిపిస్తాయి. మామూలు సీఎస్‌వీ ఎంచుకుంటే తెలుగంతా ప్రశ్నార్థకాలు కావచ్చు. "సీఎస్‌వీ యూటీఎఫ్-8" అని ఉన్నదాన్నే ఎంచుకోండి. నోట్‌ప్యాడ్‌లోనూ సేవ్ చేసేటప్పుడు కింద యూటీఎఫ్-8 ఉందో లేదో చూడండి.

దాచాక ఫైలు మూసేసి, మళ్లీ తెరిచి, రెండు పేర్లు చూడండి. అసలు ఎక్సెల్ ఫైలును అప్పటిదాకా చెరపకండి.

పీడీఎఫ్ ఒక్కటే దాచి ఊరుకోవద్దు. అది చూడటానికి బాగుంటుంది కానీ అందులోంచి తెలుగును కాపీ చేస్తే తరచూ ముక్కలైపోతుంది. పీడీఎఫ్ పక్కనే దాన్ని తయారుచేసిన మూల ఫైలు కూడా ఉంచండి.

మీ మనసులో ఉండే మూడు ప్రశ్నలు

"చూడ్డానికి బాగుంటే చాలదా?" గోడకు అంటించే కాగితానికి చాలు. వెతకాల్సిన, పంపాల్సిన, పదేళ్లు దాచాల్సిన దానికి చాలదు.

"ఇంగ్లీషులో కొట్టేస్తే ఈ బాధ ఉండదుగా?" ఉంటుంది, ఇంకా ఎక్కువ ఉంటుంది. ఒకే పేరును ఇంగ్లీషు అక్షరాల్లో ఒక్కొక్కరు ఒక్కోలా రాస్తారు. తెలుగులో సరిగా రాస్తే ఆ పేరుకు చాలావరకు ఒకటే రూపం. పైగా ఆ పేరు గలాయన చదివి "ఇది నాదే" అని చెప్పగలడు.

"ఈ వయసులో నావల్ల అవుతుందా?" తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలైంది. దాన్ని నింపినవాళ్లలో చాలామంది కంప్యూటరు పండితులు కారు. తెలుగు కొట్టడం ఓపిగ్గా నేర్చుకున్న మామూలు మనుషులు. అప్పుడు యూనికోడ్‌లో రాసింది ఇప్పటి ఫోన్లో ఇబ్బంది లేకుండా చదువుకుంటున్నాం. వాళ్లకు చాతనైంది మీకూ చాతనవుతుంది.

ఈ వారం చేయాల్సిన పని

ఒకటి: మీ దగ్గరున్న ఒక జాబితా తెరవండి. చిన్నదైనా ఫర్వాలేదు.

రెండు: మూడో, నాలుగో అలవాట్లలో చెప్పిన మార్పులు దానికి చేయండి. ముందుగా ఒక కాపీ తీసుకోవడం మరవకండి.

మూడు: అనుమానం ఉన్న గుర్తును ఒక గడిలో విడిగా పెట్టి, పక్క గడిలో 'యూనికోడ్' ఫార్ములా వేయండి. ఎక్సెల్ 2013 నుంచి అది ఉంది. దాని నంబరు చెబుతుంది. 3074 వస్తే సున్న సరైనదే, 3174 వస్తే మార్చాలి.

నాలుగు: ఫైలును యూటీఎఫ్-8లో దాచి, ఇంకొకరి ఫోన్లో తెరిపించి చూడండి.

ఐదు: నేర్చుకున్నది పక్క షాపాయనకో, పక్క సచివాలయం వాళ్లకో చెప్పండి. మీ ఒక్కరి జాబితా సరిగ్గా ఉంటే సరిపోదు. అది వేరేవాళ్ల జాబితాతో జత కుదిరినప్పుడే రైతు పని అవుతుంది.

కాబట్టి ఈ పనికి రేపటిదాకా ఆగొద్దు. ఫైలు తెరిచి, మొదటి వరసలోని మొదటి పేరుతో మొదలుపెట్టండి. ఒక్క పేరు సరైతే ఒక మనిషికి ఒక తిరుగుడు తప్పుతుంది.